పాత బియ్యం తిన్న రోజులు

నా చిన్నప్పుడు నేను మొదటిసారి చూసిన పట్నం విశాఖపట్నం. సముద్రం చూద్దామనో, బొమ్మలు కొనుక్కుందామనో వెళ్ళలేదు. అమ్మ కడుపులో గడ్డ ఉంది, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని అరకులో డాక్టరు చెబితే వెళ్ళాం. మా ఊరు అరకులోయ నుంచి ఇంకా లోపలికి, ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కితే వస్తుంది. అమ్మని డోలీలో స్టేషన్ దాకా మోసుకొచ్చి కిరండూల్ రైలెక్కించారు. తమ్ముణ్ణి నానమ్మ దగ్గర వదిలేశారు. నన్నెందుకు వెంటబెట్టుకెళ్ళారంటే, అమ్మకి నీళ్ళందించడానికి, జడ వేయడానికి పక్కన ఒక ఆడమనిషి ఉండాలి కదా. ఆ ఆడమనిషికి అప్పటికింకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు అమ్మ కనురెప్ప కిందికి లాగి చూశాడు. గోళ్ళు చూశాడు. ఒంట్లో రక్తం లేదన్నాడు. ఈ స్థితిలో కత్తి పెడితే మనిషి బల్ల మీదే పోతుంది, ముందు బాగా తినిపించి రక్తం పట్టించండి, అప్పుడు ఆపరేషన్ చేస్తాం అన్నాడు. అలాగని తాత్సారం చేయొద్దు, గడ్డ పెరుగుతోంది అని కూడా అన్నాడు. మంచాలు ఖాళీ లేవు కాబట్టి దగ్గర్లో ఎక్కడైనా ఉండి వారం వారం తెచ్చి చూపించమన్నాడు. నాన్న అన్నిటికీ తలూపాడు. బయటికొచ్చాక, డాక్టరు ఏమన్నాడని నన్నడిగాడు. సగం ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే. అమ్మ తినాలి. తినకపోతే బతకదు.

పట్నంలో మాకున్న దిక్కు మా మేనత్త ఒక్కతే. నాన్నకి అక్క. మావయ్య రైల్వేలో గ్యాంగు పని చేసేవాడు. ఆయన పోయాక కూడా అత్త ఊరికి తిరిగి రాలేదు. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి హోటళ్ళకి వేసి బతికేది. ఆ ఆకులు మా కొండ మీంచే రైల్లో వచ్చేవి. ఆమె ఇల్లు కొండవాలు మీద కట్టుకున్న ఒక బస్తీలో, అన్ని ఇళ్ళకన్నా పైన ఉండేది. కింద అద్దెలెక్కువ, మెట్లు ఎక్కేకొద్దీ తగ్గుతాయి. మోకాళ్ళు గట్టిగా ఉంటే పట్నంలో సగం అద్దె కట్టక్కర్లేదు అనేది అత్త. కొండల్లో పుట్టినదానికి ఆ మెట్లు ఒక లెక్కా.

ఒకటే గది, పైన రేకు. అయినా అందులోకి అడుగు పెడితే పేదవాళ్ళింట్లోకి వచ్చినట్టు ఉండేది కాదు. గోడలకి అడుగున ఎర్రమట్టి, పైన సున్నం, అచ్చం మా ఊళ్ళో పూసినట్టే పూసింది. కలప మిల్లువాళ్ళు పారేసే రంపపు పొట్టు గోనెసంచిలో మోసుకొచ్చి, రేకు డబ్బాతో చేసిన పొయ్యిలో గట్టిగా కూరి వెలిగించేది. పూట వంటంతా దాని మీదే అయిపోయేది. మార్కెట్టుకి పొద్దున్నే పరిగెత్తేది కాదు. ఊళ్ళకి తిరిగిపోయే రైతులు బస్సు టైమైపోతోందని హడావుడి పడే వేళ చూసుకుని వెళ్ళేది. ఆదివారం సాయంత్రం ఉతికిన చీర కట్టుకుని బీచికి వెళ్ళి, పైసా ఖర్చు పెట్టకుండా కడుపునిండా గాలి పీల్చుకుని వచ్చేది. అత్త దగ్గర డబ్బు లేకపోయింది గానీ, లేదన్న ఏడుపు ముఖం ఎప్పుడూ లేదు. నాకైతే ఆమె మహారాణిలా కనిపించేది.

మార్కెట్లో ఆమెకొక పద్ధతి ఉండేది. "మనసుకి ఏటి కావాలని అడక్కూడదు కోడలా. ఏది రాశి పోసుందో సూడాల. రాశి పోసిందే సవక, అదే తాజా. ఇయ్యాల మనకి కావాల్సింది అదే అనుకోవాల." మేనకోడల్ని కాబట్టి నన్ను కోడలా అనే పిలిచేది. పట్నంలో తక్కువలో సుఖంగా బతకడం గురించి ఇంతకన్నా పనికొచ్చే మాట ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. కష్టమల్లా, ఆ మాట అప్పుడు మాకు పనికిరాకపోవడం.

ఎందుకో చెప్పాలి. మా కొండల్లో ఏ పంటనీ చేతికొచ్చిన వెంటనే తినం. చిక్కుడైనా, కందైనా, వరైనా, మామిడైనా ముందు దానికి 'కొత్త' జరగాలి. అది మా పండుగ. రోజుల మంచిచెడ్డలు చూసే పెద్దని మేం దిశారి అంటాం. ఆయన రోజు పెడతాడు. ఆ రోజు ఊరి దేవతకి పెట్టి, తర్వాత ఇంటింటా నట్టింటి గుంజ దగ్గర చనిపోయిన మా పెద్దలకి ఆకులో వడ్డించి, అప్పుడు ఇంటిల్లిపాదీ తింటాం. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్లలు కూడా ఆ పూటకి పుట్టింటికి వస్తారు. కొత్త కాకముందు ఎవరైనా నోట్లో పెట్టుకుంటే, ముందు తిన్నవాళ్ళని పులి పట్టుకుపోతుందని మా నమ్మకం. ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో. నేను నవ్వను.

మేం పట్నం దిగింది చలికాలం మొదట్లో. కింద మైదానంలో పంటలు మాకన్నా ముందే వచ్చేస్తాయి. మార్కెట్టు నిండా చిక్కుడుకాయల కుప్పలు, పచ్చి కందికాయల బుట్టలు, కొత్త బియ్యం బస్తాలు. మా ఊళ్ళో వాటి కొత్త పుష్యమాసంలో గానీ రాదు. అంచేత పట్నంలో ఏవేవి చవకో అవన్నీ మేం ముట్టుకోకూడనివి, ఏవేవి ఖరీదో అవే మాకు గతి.

నాన్న బియ్యం కొట్టుకి వెళ్ళి పాత బియ్యం కావాలనేవాడు. కొత్త బియ్యం వండితే ముద్దవుతుందని, అరగదని కలిగినవాళ్ళు పాతవి కొనుక్కుంటారు. వాటి ధర ఎప్పుడూ ఎక్కువే. పంచె మోకాళ్ళ పైకి కట్టి, కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చి పాత బియ్యమే కావాలంటున్న మనిషిని షావుకారు ఎగాదిగా చూసి, "ఏజెన్సీ వోళ్ళు దర్జాగా తింతారయ్యా" అని పక్కనున్నవాళ్ళతో అనేవాడు. నాన్న తలొంచుకుని సంచి పట్టేవాడు. ఆ దర్జా బియ్యంలోకి మాకు ఉప్పూ, మిరపకాయా. పాత కందిపప్పు ధర వింటేనే నాన్న వెనక్కి తిరిగేవాడు. ఆకుకూరల కొత్త వానల్లోనే అయిపోయింది కాబట్టి అవి తినొచ్చు. అత్త రోజూ ఏదో ఒక ఆకు తెచ్చి వండేది. కానీ అంత ఎండిపోయిన ఒంట్లోకి వట్టి ఆకుతో రక్తం ఏ మాత్రం వస్తుంది.

ఇంకొకటి ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. అత్త ఇంటి రేకు మీదంతా చిక్కుడుపాదు అల్లుకుని ఉండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. గుమ్మం పక్కన పగిలిన కుండలో మట్టి పోసి పెట్టింది. గుత్తులు గుత్తులుగా కాసింది. అత్త ఒక్క కాయ ముట్టుకునేది కాదు. ముదిరిపోతున్నాయి, కోసుకోవచ్చు కదా అని ఇరుగుపొరుగువాళ్ళంటే, మా ఊళ్ళో పండగ అవలేదు అనేది. పట్నంలో అన్నేళ్ళు ఉండి కూడా ఆమె ఏటా రైలెక్కి ఊరికొచ్చి, మా ఇంట్లో కొత్త తిని, తిరిగి వెళ్ళాకే తన పాదు మీద చెయ్యి వేసేది. మొగుడు పోయి, పిల్లలు లేని ఆ మనిషికి పుట్టింటితో మిగిలిన ముడి ఆ పండుగొక్కటే.

పగలంతా అమ్మ ఆ పాదు నీడలో గుమ్మం ముందు చాప వేసుకుని పడుకునేది. పైన కోయని కాయలు, కింద తినలేని మనిషి. నా కోపం ఎవరి మీదో మాత్రం నాకు ఎప్పుడూ తేలలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అమ్మని అడిగాను. పట్నంలో పులి ఎక్కడుంది, కాయ తింటే ఏమవుతుంది అని. అమ్మ నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. చర్మం కింద గడ్డ రాయిలా తగిలింది. "పులెక్కడుందంటావేటి గుంటా. ఇదేటనుకున్నావు" అంది. ఎప్పుడో ఏమరుపాటున ఏదో కొత్త కాకుండా తినేశానని, అందుకే పెద్దలు తనని పట్టుకున్నారని ఆమె లోపల్లోపల కుమిలిపోతోంది. అలా నమ్మిన మనిషి చేత మళ్ళీ ఆ తప్పు ఎవరు చేయించగలరు. నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. చాలా రోజులు ఆ చేత్తో అన్నం తినాలంటే భయం వేసింది.

వారం వారం డాక్టరు రెప్ప లాగి చూడడం, విసుక్కోవడం. ఒకసారి అందరూ వింటుండగా, ఈమెకి తిండి పెట్టడం లేదా అని నాన్నని అడిగేశాడు. మా నాన్న ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళని పిలిచి అంబలి పోసే మనిషి. ఆ రోజు బస్తీ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. తిండి పెట్టడం లేదా, తిండి పెట్టడం లేదా అని తనలో తనే గొణుక్కున్నాడు. అమ్మ ఆయన భుజం పట్టుకుని లేపబోయి, బలం చాలక తనూ పక్కనే కూలబడింది. వాళ్ళిద్దర్నీ అలా చూస్తూ నేను పై మెట్టు మీద నిలబడిపోయాను. ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలీలేదు.

ఇక మిగిలిన ఆశ ఒక్కటే, ఊళ్ళో కొత్త ఎప్పుడవుతుందా అని. అడ్డాకుల మోపులతో రైల్లో దిగే మా ఊరాయన ఒకడు అప్పుడప్పుడు కబుర్లు తెచ్చేవాడు. అయిందంటే ఆ పూటే మేమూ తినొచ్చు. ఆయన తెచ్చిన కబురు ఇంకోటి. ఊళ్ళో ఒక పెద్దాయన చనిపోయాడు, ఊరంతటికీ మైల, దిశారి పండుగని వెనక్కి జరిపాడు. మళ్ళీ ఎప్పుడో ఇంకా తేల్చలేదు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఊరెళ్ళిపోదాం అన్నాడు నాన్న. కొత్త అయ్యాక అక్కడే తినిపించి, బలం పట్టాక మళ్ళీ తీసుకొద్దాం అన్నాడు. తెచ్చుకున్నదంతా పాత బియ్యానికే కరిగిపోయింది, అక్క మీద పడి ఇంకెన్నాళ్ళు తింటాం అన్న బాధ కూడా ఆ మాట వెనకుంది. అత్త ఒప్పుకోలేదు. "ఎల్తే మరి రారు మీరు. నాకు తెలీదేటి. ఒకపాలి డోలీలో దిగిన మనిషి మరోపాలి దిగగలదేటి" అంది. జవాబు లేనప్పుడు మగాళ్ళు చేసే పనే చేశాడు నాన్న. రేపు పొద్దున బండికి వెళ్తున్నాం అని తేల్చేసి బయటికి నడిచాడు. అత్త ఆయన వెనక కేకలెయ్యలేదు. సంచి తీసుకుని మార్కెట్టుకి వెళ్ళొచ్చింది. ఏం తెచ్చిందో మాకు చూపించలేదు.

తెల్లారింది. నాన్న మూట కట్టేశాడు. అమ్మకి నేను జడ వేశాను. అమ్మ జుట్టు గుప్పెడు గుప్పెడు నా చేతిలోకి ఊడొచ్చేది, ఆమెకి కనబడకుండా నేను దాన్ని చుట్టి పరికిణీలో దోపుకునేదాన్ని. అప్పుడు నెత్తి మీద రేకు చప్పుడైంది. అత్త ఇంటి పైకెక్కి ఉంది. కాసేపటికి ఒడి నిండా చిక్కుడుకాయలతో దిగొచ్చింది. మా ఎవ్వరి వంకా చూడకుండా పొయ్యి వెలిగించి, నిన్న సంచిలో తెచ్చిన కొత్త బియ్యం ఒక గిన్నెలో, కాయలు ఒక గిన్నెలో ఉడకేసింది.

"అప్పా, ఏటి సేత్తన్నావు" అన్నాడు నాన్న అక్కతో. "దిశారి రోజు పెట్టనేదు. ఊరు తిననేదు. కొత్త సెయ్యడానికి మనమెవరం."

"కొత్త సేత్తన్నానని ఎవరన్నారు" అంది అత్త. ఆమె పెద్దలకి ఆకు వెయ్యలేదు. ఇది నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. పట్నంలోనే ఏదో ఒక తంతు జరిపేసి, ఇదీ కొత్తే అనిపించి అమ్మని నమ్మించొచ్చు. పెద్దలు ఎక్కడ పిలిస్తే అక్కడికొస్తారు అని కబుర్లు చెప్పొచ్చు. ఆమెకి మాటలు తక్కువా. కానీ అత్త పెద్దల్ని మోసం చెయ్యదలుచుకోలేదు, అమ్మనీ చెయ్యదలుచుకోలేదు. తప్పుని తప్పుగానే చెయ్యడానికి కూర్చుంది.

ఒక విస్తరిలో అన్నం, చిక్కుడుకాయలు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మా కొండలున్న వైపు తిరిగి కూర్చుంది. ఎదుటి మనిషితో చెప్పినట్టు పైకి చెప్పింది. "తాతా, అయ్యా, అందరూ సూడండి. ముందు తిన్నది నాను. నాకు ఆకలేసి తిన్నాను, ఎవరూ తినమన్నేదు. మరదలు తినేది నా ఎంగిలి. ఎంగిలికి కొత్తా పాతా నేదు. అడగాలంటే నన్నడగండి." అని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, ఇంకో ముద్ద తీసుకుని అదే విస్తరి అమ్మ ముందుకి జరిపింది.

అమ్మ పళ్ళు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. అత్త అమ్మ గడ్డం పట్టుకుంది. "తినవే. నాను ఊరికే తిన్నానేటి మరి" అంది. అంతే అంది. ఆ మాటకి అమ్మ ముఖం ఒక్కసారి వదులైపోయింది. నోరు తెరిచింది. ఏడుస్తూ తింది. అత్త తినిపిస్తూ ఉంది, అమ్మ తింటూ ఉంది, అన్నంలో కన్నీళ్ళు పడుతున్నా ఎవరూ తుడవలేదు. తర్వాత నాకూ పెట్టింది. చిక్కుడుగింజ నోట్లో పిండిలా కరిగిపోయింది. అంత రుచిగా ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

నాన్న మాత్రం ముట్టుకోలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని గుమ్మం బయట కూర్చుండిపోయాడు. బండి టైము దాటిపోయింది. ఊళ్ళో కొత్త అయ్యేదాకా ఆయన ఆ ఖరీదైన బియ్యంలో ఉప్పు వేసుకునే తిన్నాడు. మమ్మల్ని తినొద్దని కూడా అనలేదు. మేం తినే వేళకి లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు.

ఆ రోజు నుంచి అత్త పద్ధతి మాకూ పనికొచ్చింది. మార్కెట్లో రాశి పోసింది మా ఇంటికొచ్చేది. చిక్కుడుగింజలు ఒకరోజు, పచ్చికందులు ఒకరోజు, గంజి వార్చకుండా వండిన కొత్తన్నం. బియ్యం ఖర్చులో మిగిలినదానితో కోడిగుడ్లు, ఎప్పుడైనా మేక కార్జం. అమ్మ గోళ్ళకి రంగొచ్చింది. డాక్టరు రెప్ప లాగి చూసి, ఇప్పటికైనా పెట్టారన్న మాట అన్నాడు నాన్నతో. నాన్న అందుకూ తలూపాడు. ఆపరేషన్ అయింది. గడ్డని గిన్నెలో తెచ్చి నాన్నకి చూపించారట. అది ఎలా ఉందని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు.

మేం ఊరు చేరేసరికి మైల తీరి, దిశారి కొత్తకి రోజు పెట్టాడు. అత్త కూడా మాతోనే వచ్చింది. ఊరి పెద్దలందరూ కూర్చున్న చోటికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే తను చేసింది చెప్పింది. అక్కడ ఎవరూ గొంతు చించుకోలేదు. అమ్మ నడిచి రావడం వాళ్ళంతా చూశారు కదా. దిశారి కూడా మంచివాడే. వాగులో స్నానం చేయించి ఒక కోడిపుంజుని బలి పెడితే తప్పు దిగిపోతుంది, తర్వాత నువ్వూ అందరితో కూర్చుని తిను అన్నాడు. ఊరంతా అమ్మయ్య అనుకుంది. నాన్న పుంజు కోసం అప్పుడే లేచాడు.

అత్త వద్దంది. "నా మీంచి దింపితే అదెక్కడికి ఎల్తాది బాబూ. నా తరవాత తిన్నది మరదలు. దాని మీదకే గదా" అంది. దిశారికి తెలిసిన ధర్మంలో అది నిజమే. తప్పు మీద ఉన్న మనిషి కొత్త పంక్తిలో కూర్చోకూడదు. ఆ సంవత్సరం కూర్చోలేదు. ఆ తర్వాత ఏ సంవత్సరమూ కూర్చోలేదు.

అయినా ఏటా వచ్చేది. రాకుండా ఉండలేకపోయేది. ఇంట్లో పెద్దలకి పెడుతుంటే తను పశువులపాక దగ్గర రాయి మీద కూర్చుని, పట్నం నుంచి మూటగట్టి తెచ్చుకున్న పాత బియ్యపు అటుకులు నములుతూ ఉండేది. తన పుట్టిల్లు, తన తాతలు, తను తెచ్చుకుని పెంచిన చిక్కుడు విత్తనం. అమ్మ మొదటి ముద్ద మింగలేక విస్తరి వదిలేసి వెళ్ళి ఆమె పక్కన కూర్చునేది. ఎల్లి తినవే, నీ కోసమే గదా అని అత్త కసిరేది. ప్రతి ఏడూ అదే గొడవ. మాకు పండుగ రోజంటే ఆ గొడవ వినబడే రోజు.

పదో తరగతి అయ్యాక నేను చదువుకి అత్త ఇంటికే వెళ్ళాను. అప్పటికి నా బుర్రలో ఒక సొంత లెక్క ఉంది. పట్నంలో ఉండి ఉండి అత్తకి ఆ నమ్మకాలు వదిలిపోయాయి, అందుకే అంత ధైర్యంగా తినగలిగింది, ఊరివాళ్ళ కోసం నటిస్తోంది అనుకునేదాన్ని. ఒకసారి ఆమెకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. నేను పక్కన పడుకోబోతే వద్దు, దూరంగా పడుకో అంది. "ఎప్పుడో అప్పుడు వొత్తాది గదా. నువ్వు పక్కనుండకూడదు" అంది. ఏమొస్తుందని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది, అదేం ప్రశ్న అన్నట్టు. అప్పుడు అర్థమైంది. మెట్ల మీద ప్రతి అలికిడికీ, ఒంట్లో ప్రతి నలతకీ ఆమె ఇన్నేళ్ళుగా దాని కోసం ఎదురు చూస్తూనే ఉంది. నమ్మనివాళ్ళు ఆ కాయ తింటే అది వట్టి కాయే. అత్త పూర్తిగా నమ్మి తింది. జ్వరం తగ్గాక తనే నవ్వి, "పులికి పట్నం దారి తెలీదనుకుంటాను" అంది. నాకు నవ్వు రాలేదు.

ఆమె ముసలితనంతో, ఆయాసంతో పోయింది. అప్పటికి నేను నర్సుని. నా చేతుల్లోనే పోయింది, ఆ జబ్బుకి పేరుంది, ఆ పేరు నాకు తెలుసు. అమ్మ కొండ దిగి వచ్చింది. ఏడవలేదు. నన్ను పక్కకి పిలిచి, ఒంటి మీద ఎక్కడైనా పంజా గాట్లున్నాయేటే అని అడిగింది. స్నానం చేయించింది నేనే, ఎక్కడా లేవమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది. కడుపులో గడ్డ పోయాక మా అమ్మ చాలా ఏళ్ళు బతికింది. అన్ని ఏళ్ళూ ఈ ప్రశ్న కడుపులో పెట్టుకునే బతికిందని నాకు ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నేను రిటైరయ్యి అదే కొండవాలులో ఉంటున్నాను. రేకు తీసి శ్లాబు వేయించాను. పైన గదిలో పాడేరు, అరకు వైపు నుంచి చదువులకి వచ్చే ఆడపిల్లలుంటారు. ఫోను నొక్కితే గుమ్మంలోకి కూరలొచ్చే రోజులు. వచ్చిన కొత్తలో అలా నొక్కి నొక్కి, ఇంటి నుంచి పంపింది నెల సగంలోనే ఊదేసి, బిస్కెట్లు తిని పడుకుంటారు. తిట్టి, సంచి చేతికిచ్చి, సాయంత్రం మార్కెట్టుకి తీసుకెళ్తాను. ఏది రాశి పోసుందో చూడమంటాను. కొందరు బేగి నేర్చుకుంటారు. కొందరికి నా గోల పడదు, వేరే గది చూసుకుంటారు. వాళ్ళిష్టం.

అయితే ప్రతి చలికాలం ఎవరో ఒక పిల్ల కంచం ముందు కూర్చుని, చిక్కుడుకాయ కూరని కెలుకుతూ, తినకుండా లేవబోతుంది. ఏమ్మా అంటే ఆకలి లేదంటుంది. పెద్ద చదువులు చదువుతున్నదాన్ని ఇలాంటివి నమ్ముతానంటే నవ్వుతారని చెప్పదు. నేనూ అడగను. ఆమె కంచంలోంచి ఒక ముద్ద తీసుకుని ముందు నేను తింటాను. పెద్దావిడకి తిండి యావ అని ఆ పిల్లలు నా వెనక నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. ఆ ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు మా కొండలున్న వైపు తిరుగుతాను. అడగాలంటే నన్నడగండి అని లోపల అనుకుంటాను. ఇన్నేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి, ఎన్ని గడ్డలు తీయడం చూశానో. అయినా ప్రతిసారీ నాకు భయమే. తింటాను.